చుక్కల బల్ల

హనుమకొండ వెళ్ళినవారు వేయిస్తంభాల గుడి చూడకుండా తిరిగి రారు. చూసినవారిలో చాలామంది స్తంభాలు లెక్కపెట్టబోతారు. మధ్యలో లెక్క తప్పి, "ఉంటాయిలే వెయ్యి" అని సరిపెట్టుకొని నంది దగ్గర కూర్చుంటారు. నేనూ అదే పని చేశాను. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన గుడి అది. శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి మూడు గర్భగుళ్ళు. ఎదురుగా అద్దంలా మెరిసే నల్లరాతి నంది. నందికి ఆవలగా కల్యాణ మండపం. ఆ మండపాన్ని రాయి రాయిగా విప్పి, పునాది బాగుచేసి, తిరిగి నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు.

ఆ మండపంలో తిరుగుతూంటే ఒక సంగతి తోచింది. విప్పిన రాయి మళ్ళీ తన చోటికే చేరాలంటే అది ఏ వరసలో ఎన్నోదో ముందే గీసి, అంకె వేసి ఉంచుకోవాలి గదా! గీత తప్పితే రాయి తప్పుతుంది. అంకె తప్పితే మండపమే తప్పుతుంది. గీతకూ అంకెకూ మధ్య ఇంత దగ్గర చుట్టరికం ఉంది. నేను హనుమకొండ వెళ్ళిందీ ఆ చుట్టరికం సంగతి తెలుసుకోవడానికే.

మా మేనల్లుడు అక్కడి ఇంజనీరింగు కళాశాలలో చదువుతున్నాడు. "మామయ్యా, పూర్వం కంప్యూటరుకు బొమ్మలు గీసి అందించే బల్ల ఒకటి ఇక్కడ ఒక పెద్దాయన ఇంట్లో ఉంది. సంక్రాంతి వెళ్ళాక రండి, చూద్దురుగాని" అని ఫోను చేశాడు. బొమ్మలంటే నాకు చిన్నప్పటి నుంచీ సరదా. కనుమ మర్నాడే రైలెక్కాను.

కాజీపేటలో దిగి హనుమకొండ వైపు వస్తూంటే దారిలోనే ఆ కళాశాల కనిపిస్తుంది. 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. అప్పటి పేరు రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ. 2002 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. పేరు మారి ఇన్నేళ్ళయినా ఊళ్ళో పెద్దవాళ్ళ నోట ఇంకా ఆర్.ఈ.సీ.యే పలుకుతుంది.

ఊరంతా గళ్ళే

పెద్దాయన సాయంత్రం రమ్మన్నారని తెలిసి, పగలంతా వరంగల్లు కొత్తవాడ వెళ్ళి తివాచీలు, జంపఖానాలు నేసే చోట గడిపాను. వరంగల్లు తివాచీలకు చాలా పాత పేరు. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనకు ఇక్కడి పనితనం వెళ్ళింది. ఇక్కడి జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మగ్గం పక్కన గోడకు ఒక గళ్ళ కాగితం అంటించి ఉంది. దాని మీద నెమలి. దగ్గరికి వెళ్ళి చూస్తే నెమలి లేదు. రంగు నింపిన గళ్ళున్నాయి. నాలుగడుగులు వెనక్కి వస్తే మళ్ళీ నెమలి ప్రత్యక్షం! "గడి చూసుకుంట నేసుడే సారు. గడిల ఏ రంగుంటె ఆ నూలు" అన్నాడు మగ్గం మీది అతను. కంప్యూటరు తెర మీద బొమ్మ ఎలా నిలుస్తుందని ఎవరైనా అడిగితే ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు. తెర కూడా గళ్ళ కాగితమే. గడికొక రంగు. గళ్ళు మరీ చిన్నవి కనక మన కంటికి నెమలే కనిపిస్తుంది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. గళ్ళు నింపడం యంత్రానికి తేలిక. మనిషి చేత్తో లాగిన గీతను యంత్రానికి తెలియజెప్పడం ఎలా? ఆ చిక్కు విప్పడానికే బల్ల పుట్టింది.

గీత యంత్రం దాకా ఎలా వెళ్ళింది?

ఇక్కడ ఆర్.ఈ.సీ. మొదలైన నాలుగేళ్ళకు, 1963లో, అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అనే యువకుడు ఒక వింత చేశాడు. టి.ఎక్స్.-2 అనే పెద్ద కంప్యూటరు తెర మీద వెలుగు కలం పెట్టి గీతలు గీశాడు. వంకరగా గీసిన గీతను యంత్రం తిన్నగా చేసేది. రెండు గీతలు సమానంగా ఉండాలంటే సమానం చేసేది. ఆ ఏర్పాటుకు స్కెచ్‌ప్యాడ్ అని పేరు. కంప్యూటరంటే లెక్కలు కట్టే బీరువా అనుకునే రోజుల్లో అది బొమ్మలు గీయడమంటే మాటలు కాదు.

కాని తెర మీద చెయ్యెత్తి గీస్తూంటే చెయ్యి పీకుతుంది. మనకు కాగితాన్ని బల్ల మీద పరుచుకొని, చెయ్యి ఆనించి గీయడం అలవాటు. ఆ అలవాటుకు తగినట్టు 1964లో రాండ్ కార్పొరేషన్ వారు ఒక పలక చేశారు. పది అంగుళాల పొడవు, పది అంగుళాల వెడల్పు. లోపల అడ్డంగా 1,024, నిలువుగా 1,024 సన్నని రాగి గీతలు. అంటే పది లక్షలకు పైగా కూడళ్ళు! ప్రతి కూడలికీ ఒక చిరునామా. కలం మొన ఏ కూడలి మీద ఉందో పలక పసిగట్టి కంప్యూటరుకు చెబుతుంది. ఆ పలక ఒక్కటీ దాదాపు 18,000 డాలర్లు పలికేది. పిల్లలకు కొనిచ్చే పలక కాదన్నమాట.

తర్వాత పలకలు పెరిగి బల్లలయ్యాయి, తరిగి చేతిపుస్తకాలూ అయ్యాయి. 1983లో జపానులో వాకామ్ కంపెనీ పుట్టి, తీగ లేని కలాన్ని చిత్రకారుల చేతికిచ్చింది. ఈనాడు బొమ్మలు వేసే కుర్రవాళ్ళు చాలామంది వాడేది ఆ వంశపు పలకలే.

పెద్దాయన ఇల్లు

సాయంత్రం మేనల్లుడు నన్ను వెంటపెట్టుకొని వెళ్ళాడు. పాత పెంకుటిల్లు. వాకిట్లో సంక్రాంతి ముగ్గు ఇంకా చెదరలేదు. పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఆయన పేరు రాయడం ఆయనకిష్టం లేదు. కుర్రతనంలో ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ పని నేర్చి, చాలాకాలం ట్రేసింగు గుడ్డ మీద ఇంకు కలంతో నక్షలు గీశారు. 1990 తర్వాత హైదరాబాదులో ఒక ప్రయివేటు ఆఫీసులో చేరి, కాగితపు నక్షలను కంప్యూటరుకెక్కించే పనిలో పదేళ్ళు గడిపారు.

బల్ల నడవాలో ఉంది. మా ఇంట్లో భోజనాల బల్లకు ఏమాత్రం తీసిపోదు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. డాక్టరు ఎక్స్‌రే చూసే పలకలా తెల్లగా, కొంచెం ఏటవాలుగా ఉంది. మూలన తీగ చుట్టుకొని సబ్బుబిళ్ళంత వస్తువొకటి. దాని ముందుభాగంలో గుండ్రని అద్దం. అద్దంలో ఒకదాన్నొకటి కోసుకుంటున్న రెండు వెంట్రుకంత గీతలు. దాన్ని పక్ అంటారని మేనల్లుడు చెప్పాడు. పెద్దాయన మాత్రం "ఎలుక" అన్నారు.

బల్ల లోపల తీగల వల ఉంటుంది. ఎలుకలో చిన్న తీగచుట్ట. ఆ చుట్ట ఏ తీగలకు దగ్గరగా ఉంటే వాటిలో సంకేతం గట్టిగా పలుకుతుంది. దాన్నిబట్టి అడ్డం ఎంత, నిలువు ఎంత అని బల్ల లెక్క చెబుతుంది. నక్షను ముందు బల్ల మీద అంటించాలి. దాని నాలుగు మూలలూ నేల మీద ఎక్కడివో యంత్రానికి చెప్పాలి. అక్కడినుంచి కోసుగీతల మధ్యబిందువును గీత మీద పెట్టి మీట నొక్కుతూ పోవాలి. నొక్కినప్పుడల్లా ఒక చుక్క. చుక్కలు కలిపితే గీత.

"అంతేనా?" అన్నాను.

పెద్దాయన నవ్వారు. "అంతేనా అంటె అంతే సారు. కాని చుక్క ఏడ పెట్టాలె? అదే పని. గీత సక్కగున్న కాడ రెండు చుక్కలు సాలు. మలుపున్న కాడ పది పెట్టినా తక్కువే. కొత్త పోరగాళ్ళు ఊకె నొక్కుకుంట పోతరు. చుక్కలు మస్తుగుంటయి, చెరువు మాత్రం చెరువు లెక్కుండది."

లోపలినుంచి సకినాల పళ్ళెం తెస్తూ వారి భార్య అందుకున్నారు. "ఈ ముచ్చట మాకు కొత్తగ చెప్తున్నడు. చుక్కలు పెట్టుడు మా అవ్వ వాకిట్లనే నేర్పింది. మాకేం బల్ల కావాలె, ఎలుక కావాలె?"

ఆ మాటకు జవాబు మాలో ఎవరి దగ్గరా లేదు. పళ్ళెంలో సకినాలు చూడండి: పిండిని వేళ్ళ మధ్య మెలివేసుకుంటూ చుట్టు మీద చుట్టు తిప్పి, కొలబద్ద లేకుండా గుండ్రంగా తేల్చిన గీతలే అవి!

టీ వచ్చింది. టీ తాగుతూ మేనల్లుడు ఒక కథ చెప్పాడు. 1975 ప్రాంతంలో అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ అనే ఆయనకు కంప్యూటరులో నిలబెట్టడానికి ఒక వస్తువు కావలసివచ్చింది. భార్య సలహాతో ఇంట్లోని టీ పాత్రను ఎదురుగా పెట్టుకొని గళ్ళ కాగితం మీద దాని రూపం గీశాడు. ముఖ్యమైన బిందువుల అంకెలు యంత్రానికిచ్చాడు. ఆ టీ పాత్ర కంప్యూటరు బొమ్మల లోకంలో ఓనమాలంత ప్రసిద్ధమైంది. అసలు పాత్ర కాలిఫోర్నియాలో కంప్యూటర్ల మ్యూజియంలో ఉంది. గళ్ళ కాగితం అక్కడా తప్పలేదు చూశారా!

కొంటే ప్లాటు వచ్చే పెట్టె

"కంప్యూటరేదండీ?" అన్నాను. బల్ల ఒక్కటే ఉంది మరి.

"అది ఆఫీసోళ్ళదే. సన్ కంపెనీ పెట్టె. ఆ పైసలతోని ఆ దినాలల్ల ప్లాటొచ్చేది" అన్నారాయన.

ఆ కాలపు గ్రాఫిక్సు యంత్రాలను వర్క్‌స్టేషన్లనేవారు. మామూలు కంప్యూటర్లు నత్తనడక నడిచే చోట అవి పరుగెత్తేవి. సన్ కంపెనీ 1982లో పుట్టింది. వారు 1989లో తెచ్చిన స్పార్క్‌స్టేషన్ మిఠాయి డబ్బాలా పలచగా ఉండి తెర కింద ఒదిగిపోయేది. అదే రోజుల్లో జిమ్ క్లార్క్ ప్రారంభించిన సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాలు మరీ ప్రసిద్ధం. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్ సినిమాలో కంప్యూటరులో పుట్టిన రాక్షసబల్లులు ఆ యంత్రాల మీద తయారైనవే. 1995లో మన తెలుగు "అమ్మోరు"లో గ్రాఫిక్సు చూసి జనం నోళ్ళు తెరిచారు. అంతా ఆ దశాబ్దపు సంబరమే.

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. మామూలు కంప్యూటర్లే ఆ బలం పుంజుకున్నాయి. సిలికాన్ గ్రాఫిక్స్ 2009లో దివాలా తీసి అమ్ముడుపోయింది. సన్‌ను 2010లో ఒరాకిల్ కొనేసింది. నక్షల పని కూడా మారింది. కాగితాన్ని ఫొటోలా స్కాను చేసి తెర మీదే గీతలు లాగడం వచ్చాక బల్లలతో పని లేకపోయింది. పెద్దాయన పనిచేసిన ఆఫీసు తన బల్లలను పాతసామాన్లకింద అమ్మేసింది. అందులో ఒకదాన్ని ఆయనే కొనుక్కొని లారీ మీద హనుమకొండ చేర్చారు. ఎందుకని అడిగితే, "పదేండ్లు దీనిమీదనే చెయ్యి పెట్టిన. తుక్కుకెట్ల ఇడుస్త సారు?" అన్నారు.

మడతలో పోయిన గీత

బల్లకంటే విలువైనవి ఆయన దగ్గర మరి రెండున్నాయి. ఒక రేకు గొట్టంలో పలచని పాలిస్టర్ ఫిల్ముల మీద తీసిన నక్షలు. కాగితం చెమ్మకు సాగి, ఎండకు ముడుచుకుంటుంది. ఫిల్ము అలా కాదు. రెండోది బిస్కెట్ల డబ్బా. దాన్నిండా ఫ్లాపీలు.

మేనల్లుడు అప్పటికే ఆ ఫ్లాపీలను ఓపిగ్గా ఒక్కొక్కటే చదివించి చూశాడు. చాలావాటికి బూజు పట్టింది. నోరు విప్పినవి మూడే. అదృష్టవశాత్తు వాటిలో ఒకదానిలోని నక్ష డి.ఎక్స్.ఎఫ్. పద్ధతిలో ఉంది. ఆ పద్ధతిలో బొమ్మ అంతా మామూలు అక్షరాలూ అంకెలే. 10 అని ఉంటే దాని కింద అడ్డం కొలత. 20 అని ఉంటే దాని కింద నిలువు కొలత. పాత యంత్రం లేకపోయినా ఏ కంప్యూటరులోనైనా తెరిచి చదువుకోవచ్చు.

ఆ అంకెలను కలిపి చూస్తే హనుమకొండకు దగ్గరలోని ఒక చిన్న కుంట తేలింది. ఈ ప్రాంతమంతా చెరువుల మీద బతికిన నేల. పాకాల, రామప్ప, లక్నవరం వంటి పెద్ద చెరువులను కాకతీయులు ఇచ్చిపోయారు. వాటి చుట్టూ పేరు లేని కుంటలు ఎన్నో. కట్ట, తూము, మత్తడి, నీళ్ళు నిండినప్పుడు మునిగే శిఖం భూమి, వీటి లెక్క తెలియని రైతు ఇక్కడ ఉండడు.

పెద్దాయన ఫిల్ము విప్పి ఒక చోట వేలు పెట్టారు. ఆ రోజుల్లో ఆఫీసుకు వచ్చిన అసలు కాగితం మడతలు పడి చీకిపోయిందట. సరిగ్గా శిఖం గీత మీదే మడత. రెండు వేళ్ళ వెడల్పున గీత చెరిగిపోయింది. 1:5,000 కొలతలో కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద 50 మీటర్లు. రెండు వేళ్ళంటే నేల మీద 150 మీటర్ల పైమాటే. ఈ కొసనుంచి ఆ కొసకు ఒక గీత లాగి ఊరుకున్నా అడిగేవాడు లేడు.

ఆయన ఊరుకోలేదు. ఆదివారం నాడు ఊరికి వచ్చి సైకిలు మీద కుంట దగ్గరికి వెళ్ళారు. పశువుల్ని కడుగుతున్న ఒక ముసలి రైతును, "నిండితే నీళ్ళు ఏడిదాక వస్తయి?" అని అడిగారు. రైతు నడిచి చూపించాడు: ఒక తుమ్మచెట్టు, ఒక గుండు, ఒక బండిబాట మలుపు. సోమవారం ఆఫీసులో ఆ మూడు చోట్లా మూడు చుక్కలు పెట్టారు. తిన్నగా పోవలసిన గీత అక్కడ కడుపు వచ్చినట్టు బయటికి వంగింది.

మేనల్లుడు సెల్‌ఫోనులో ఉపగ్రహం తీసిన ఈనాటి ఫొటో తెచ్చి దాని మీద ఆ గీతను పరిచి చూపాడు. కట్ట అలాగే ఉంది. తుమ్మచెట్టు లేదు, గుండు లేదు, బండిబాట లేదు. గీత కడుపులో రెండు వరసల ఇళ్ళున్నాయి. మేడల మీద నీళ్ళ ట్యాంకులు నల్లచుక్కల్లా కనిపిస్తున్నాయి.

"నా గీతను ఎవ్వరు చెరపలే సారు. దానిమీదనే ఇండ్లు కట్టుకున్నరు. పాపం వాళ్ళకేం ఎరుక? జాగ అమ్మేటోడు కుంట అని చెప్తడా?" అన్నారు పెద్దాయన.

2023 జూలై చివర కురిసిన వానలకు హనుమకొండ, వరంగల్లు లోతట్టు కాలనీలు నీట మునిగిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వాన వెలిసిన మర్నాడు ఆయన గొడుగు ఊతంగా పట్టుకొని కుంట దాకా నడిచారట. ఆ రెండు వరసల ఇళ్ళలో మోకాటి లోతు నీరు. జనం మంచాలూ గ్యాసుబండలూ మేడలెక్కిస్తున్నారు. నీరు ఎక్కడ ఆగిందో చూసుకుంటూ వెళ్ళారు. మునుపు బండిబాట మలుపున్న చోట, ఆయన మూడో చుక్క దగ్గర, చెత్తా నురగా అంచు కట్టి నిలిచింది.

"సంతోషమైందా అండీ, మీ గీత నిజమైనందుకు?" అని మేనల్లుడు అడిగాడు. అడగకుండా ఉండవలసింది.

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. "సంతోషమేంది బిడ్డా? చిన్న పిల్లలు నీళ్ళల్ల నిలబడ్డరు. ఆ గీత ఫ్లాపీల పడి ఉండె. ఒక్కరు సూసి ఉంటె ఆడ కట్టుకోకపోదురు" అన్నారు.

నాకు ఆ మాట దగ్గర టీ చల్లారిపోయింది. పలకలు, బల్లలు, లక్షల ఖరీదు పెట్టెలు ఎన్ని వచ్చినా అవి దాచేది అంకెలనే. ఆ అంకెను అక్కడే పెట్టాలని తెలిసినవాడు సైకిలెక్కి వెళ్ళిన మనిషి. చూపించినవాడు పేరు కూడా తెలియని రైతు. యంత్రం పాతబడితే కొత్తది వస్తుంది. గీతను చూసే కన్ను లేకపోతే ఎంత కొత్త యంత్రమైనా డబ్బాలో ఫ్లాపీతో సమానమే. ఇల్లు కట్టబోయే ప్రతి కుటుంబమూ, స్థలం కాగితాలతోపాటు ఆ ఊరి పాత నక్ష కూడా ఒక్కసారి అడిగి చూసుకోవాలని నాకు గట్టిగా అనిపించింది. కుంటకు జ్ఞాపకశక్తి ఎక్కువ. తన చోటు అది మరచిపోదు.

మేనల్లుడు ఊరికే ఉండలేదు. బల్ల తీగను ఈనాటి కంప్యూటరుకు కలిపే ముక్క ఒకటి కొనుక్కొచ్చాడు. కరెంటు పెట్టగానే బల్ల మూలన చిన్న దీపం వెలిగింది. ఎలుక మీట నొక్కితే కిచ్‌మని ఒక చప్పుడు. తెర మీద రెండు అంకెలు పడ్డాయి. బొమ్మా లేదు, రంగూ లేదు. ఉత్త అంకెలు. అయినా పెద్దాయన మొహం చూడాలి!

గొట్టంలో ఇంకా పదకొండు ఫిల్ములున్నాయి. వాటి ఫ్లాపీలు చెడిపోయాయి. పరీక్షలయ్యేలోగా వారానికొకటి చొప్పున వాటిని మళ్ళీ ఎక్కించి, అందరికీ అందేలా పెడదామని వారిద్దరూ ఒప్పందం చేసుకున్నారు. మొదటి ఫిల్మును అప్పుడే బల్ల మీద పరిచారు. నాలుగు మూలలూ నమోదు చేశాక కుర్రవాడు హుషారుగా కట్ట మీద చుక్కలు పెట్టుకుంటూ పోతున్నాడు.

"ఆగు బిడ్డా, ఉరుకకు" అంటూ పెద్దాయన అతని చేతి మీద చెయ్యి వేసి ఎలుకను వెంట్రుకవాసి వెనక్కి జరిపారు. "ఈడ తూమున్నది. ఈడ పెట్టు."